ఏ తోట నడిచొచ్చి చెప్పారు?

ఆగిరిపల్లి నుంచి చాట్రాయి దాకా మామిడితోట కౌలుకిచ్చేవాళ్లకీ, పుచ్చుకునేవాళ్లకీ సీతారామాంజనేయులుగారంటే గురి. అంత పొడుగు పేరుతో పిలిచే ఓపిక ఎవరికీ లేక అంచనాల ఆంజనేయులుగారు అంటారు. ఆయన చేసే పని చెప్పడానికి చాలా తేలిక. పూత పిందెగా మారి, పిందె గోలీకాయంత అయ్యే రోజుల్లో తోటలోకి వెళ్లి, చెట్లన్నీ చూసి, ఈ ఏడు ఇక్కడ ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పాలి. అంతే. ఆ అంతేలోనే ఆయనకు నలభై ఏళ్లు గడిచిపోయాయి.

తోటగల ఆసామి పదిహేను టన్నులకు తగ్గదంటాడు. కౌలుకు తీసుకునే వ్యాపారి ఎనిమిదికి మించదంటాడు. ఇద్దరూ అబద్ధాలకోరులని కాదు. ఆసామి కంటికి కాయ ఆనుతుంది, వ్యాపారి కంటికి ఖాళీ కొమ్మ ఆనుతుంది. ఆంజనేయులుగారు ఇద్దరినీ ఒక్కొక్క ప్రశ్న అడుగుతారు. ఆసామిని "మీ తోటలో బాగాలేని చెట్లేవో చూపించండి" అంటారు. వ్యాపారిని "నీకు నచ్చిన చెట్లేవో చూపించు" అంటారు. తనకు నష్టం తెచ్చే మాటను ఎవరూ పనిగట్టుకుని కల్పించి చెప్పరు కాబట్టి ఆ రెండు జవాబులూ ముందు రాసుకుంటారు. ఆ తర్వాత ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, నడుముకు వరిగడ్డి కట్ట దోపుకుని, ఒంటరిగా తోటలోకి దిగుతారు. లెక్కపెట్టిన ప్రతి చెట్టు కొమ్మకూ ఒక గడ్డిపరక ముడేస్తారు.

ఈ గడ్డిపరక సంగతి తెలియనివాళ్లు నవ్వుతారు. తెలిసినవాళ్లకు నవ్వు రాదు. తోట చూపించే ఆసాముల్లో కొందరికి ఒక విద్య ఉంది. మనల్ని మంచి వరుసలో నడిపించి, బోరు దగ్గర మంచినీళ్లిచ్చి, పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పి, రెండో వైపు నుంచి మళ్లీ అదే వరుసలోకి తీసుకొస్తారు. కొత్తవాడు ఆ చెట్లనే రెండోసారి లెక్కపెట్టుకుని, ఏం కాపండీ ఇది అని మురిసిపోతాడు.

ఆయనకు ఇంకో నియమం కూడా ఉంది. నడిమికి కొట్టరు. పెళ్లయిన కొత్తలో చాట్రాయి వైపు ఒక తోటలో ఎండకు బద్ధకించి, ఇద్దరి లెక్కలూ కలిపి సగం చేసి చెప్పేశారు. ఇద్దరూ సంతోషించారు, అరటిపళ్లు కూడా ఇచ్చి పంపారు. తీరా కోతకొచ్చేసరికి ఆ అంచనాకూ కాయకూ ఎక్కడా పొంతన లేదు. అది చాలదన్నట్టు, ఈయన నడిమికి కొడతాడని ఊరూరా తెలిసిపోయింది. ఆ మరుసటేడు పదిహేననే ఆసామి ఇరవై అన్నాడు, ఎనిమిదనే వ్యాపారి అయిదన్నాడు. ఎవరి కొసను వాళ్లు ఇంకాస్త లాగారు. ఆ సంవత్సరం పోయిన పేరును తిరిగి తెచ్చుకోవడానికి ఆంజనేయులుగారికి ఆరేళ్లు పట్టింది. అప్పటి నుంచీ నడిచి చూడకుండా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టుకు సాక్షి ఆయన భార్య సుబ్బాయమ్మ.

అంచనాల కాలం కాని రోజుల్లో సాయంత్రమైతే ఆంజనేయులుగారు నారాయణరావు మేష్టారి వరండాలో ఉండేవారు. మేష్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. పాశ్చాత్య దేశాల వార్తా చానళ్లు తప్ప ఇంకేవీ ఆయన చెవికి వార్తల్లా వినిపించవు. ఆరు గంటలకు ఇన్నయ్యగారు జేబునిండా వేయించిన వేరుశనక్కాయలతో వచ్చేవారు. ఆయనా తోటగల రైతే, కానీ కుర్రతనం నుంచీ ఎర్రజెండా మనిషి. చైనావాళ్లు ఇంగ్లీషులో నడిపే చానల్ ఆయన ఫోన్లో ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, కింద తెలుగు అక్షరాలు పడే సదుపాయం వచ్చాక ఆయన్ని పట్టడం కష్టమైపోయింది.

"మేష్టారూ, మీ చానలోళ్లకి ప్రపంచంలో ఎక్కడ చూసినా తగలబడే ఇళ్లే కనబడతాయేంటండీ? వంతెన కట్టినోడు ఒక్కడూ కనబడడా?" అనేవారు ఇన్నయ్యగారు, శనక్కాయ ఒలుస్తూ.

"మీవాళ్లకి వంతెన కట్టినోడే కనబడతాడు ఇన్నయ్యగారూ. అది కూలిందనుకోండి, ఆ రోజు కెమెరాకి సెలవు," అనేవారు మేష్టారు.

ఇద్దరూ గొంతులు పెంచేవారు. మేష్టారి భార్య లోపలి నుంచి కాఫీ గ్లాసులు కాస్త గట్టిగా పెట్టగానే తగ్గించేవారు. ఆంజనేయులుగారు ఏ పక్షమూ కాదు. మేష్టారి కాఫీ తాగేవారు, ఇన్నయ్యగారి శనక్కాయలు తినేవారు, మధ్యమధ్య ఇద్దరికీ తలూపేవారు. తనకు చైనాతోనూ, పడమటి దేశాలతోనూ పనేమిటని ఆయన ధీమా.

ఆ ధీమా ఒక ఏడు మార్చి మొదటివారంతో సరి.

మామిడికాయ కోడిగుడ్డంత అయ్యాక దానికి కాగితపు కవరు తొడిగి తొడిమ దగ్గర బిగిస్తే పండుఈగ వాలదు, తొక్క మీద మంగు మచ్చ పట్టదు, కాయ నిగనిగలాడుతుంది. ఆ కవర్లు చైనా నుంచి వస్తాయి. చుట్టుపక్కల నలభైమంది రైతులు గ్రూపుగా ఏర్పడి, విజయవాడ డీలరు ద్వారా సంక్రాంతి వెళ్లగానే ఆర్డరు పెట్టారు. మార్చి నెలాఖరుకు సరుకు దిగాలి. ఇంతలో ఆ కవర్లు తయారయ్యే ఊళ్లో అకాల వర్షానికి నది పొంగిందని వార్త వచ్చింది. ఆ ఊరి పేరు పలకడం మేష్టారికి ఒక్కరికే చేతనయ్యేది.

మేష్టారి చానల్ ఊరంతా మునిగిందనీ, ఫ్యాక్టరీలు మళ్లీ తెరవడానికి నెలలు పడుతుందనీ చెప్పింది. ఇన్నయ్యగారి చానల్ నీళ్లు ఒక్కరోజులో తీశాయనీ, మూడు ఫ్యాక్టరీల్లో పని జోరుగా సాగుతోందనీ చెప్పింది. డీలరుకు ఫోన్ చేస్తే "షిప్పులో ఉన్నాయండీ" అన్నాడు. ఆ మాట అతనికి నమస్కారమంత అలవాటు, గట్టిగా అడిగితే రేవులో ఉన్నాయంటాడు.

అప్పటిదాకా వరండాలో కాలక్షేపంగా ఉన్న తగువు ఒక్కసారిగా తోటల్లోకి దిగింది. కవర్లు రావనుకుంటే ఆడామగా కూర్చుని పాత కాగితాలతో సొంతంగా చేసుకోవాలి. దానికి మూడు వారాలు పడుతుంది, కాబట్టి ఇవాళే మొదలుపెట్టాలి. వస్తాయనుకుంటే ఆ శ్రమంతా దండగ. తీరా రాకపోతే నలభైమంది తోటల్లో కాయ పండుఈగ పాలు. ఏ చానల్‌ని నమ్మాలి అనే చిన్న ప్రశ్న అంత పెద్దదై కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ రైతు సేవా కేంద్రం ముందు షామియానా కింద చేరారు. మేష్టారు లేచి తన చానల్ చెప్పింది చెప్పారు. ఇన్నయ్యగారు లేచి తన ఫోన్ ఎత్తి చూపించారు. రైతులు ఇద్దర్నీ విని, ఇద్దర్నీ వదిలేసి, ఆంజనేయులుగారి వైపు తిరిగారు.

"మీరు చెప్పండి. రెండు పక్షాల మాటా విని నిజం తేల్చడం మీకు కొట్టిన పిండే కదండీ."

నలభై జతల కళ్లు. ఎండ. వెనక కూర్చున్న ఎవరో "ఆయన చెప్పారంటే ఇంక తిరుగులేదు" అనడం ఆంజనేయులుగారి చెవిన పడింది. ఆ పొగడ్తే కొంప ముంచింది. నాకు తెలియదు అనడానికి నోరు రాలేదు.

"వాళ్లు మొత్తం పోయిందంటున్నారు, వీళ్లు ఏం కాలేదంటున్నారు. సగానికి సగం అనుకోండి. సగం కవర్లు వస్తాయి," అన్నారు.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. సగం వస్తే మంచి చెట్లవరకు సరిపోతాయిలే అనుకుని, చేతులు దులుపుకుని ఇళ్లకు పోయారు. మేష్టారు, ఇన్నయ్యగారు కూడా చెరిసగం గెలిచినట్టు కులాసాగా వెళ్లారు.

ఇంటికొచ్చేసరికి సుబ్బాయమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. సంగతంతా విని, చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"ఏ తోట నడిచొచ్చి చెప్పారు?"

"తోటేంటే? అది చైనాలో..."

"అదే అడుగుతున్నా. ఏం చూసి చెప్పారని. ఇద్దరి మాటా విని నడిమికి కొట్టొచ్చారా?"

ఆంజనేయులుగారు చెంబెడు నీళ్లు తాగారు. దాహమేసి కాదు.

"పెళ్లయిన కొత్తలో చాట్రాయి నుంచొచ్చి ఇదే మొహంతో కూర్చున్నారు," అంది సుబ్బాయమ్మ. "అప్పుడు చేతిలో అరటిపళ్లన్నా ఉన్నాయి."

సుబ్బాయమ్మ గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆమె మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. ఆ పూట పప్పుచారు ఎలా ఉందో ఆంజనేయులుగారికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే నడుముకు గడ్డికట్ట దోపుకుని రైతు సేవా కేంద్రానికి బయలుదేరారు. అలవాటు కొద్దీ దోపుకున్నారో, కావాలనే దోపుకున్నారో ఆయన్నే అడగాలి. కేంద్రంలో ఉద్యాన సహాయకురాలిగా చేసే కౌముది అప్పుడే తాళం తీస్తోంది. ఆ అమ్మాయిది నూజివీడు. పురుగుమందు మోతాదుల దగ్గర ఎంత కచ్చితంగా ఉంటుందో, పెద్దవాళ్ల చాదస్తం దగ్గర అంత ఓపికగా ఉంటుంది.

"అమ్మాయ్, ఆ రెండు వీడియోలూ పెట్టు. నేనాపమన్నచోట ఆపాలి. ఇంగ్లీషు నువ్వు చెప్పాలి."

"సరే తాతగారూ. ఆ గడ్డెందుకండీ?"

"లెక్కకి."

ముందు చైనా చానల్ పెట్టించారు. మొదటి ఫ్యాక్టరీ కనబడగానే బల్ల మీద ఒక గడ్డిపరక పెట్టారు. రెండోది వచ్చింది, రెండో పరక. మూడోది, మూడో పరక. తర్వాత మొదటికి వెళ్లమన్నారు. యంత్రం పక్కన ఆకుపచ్చ ఫ్లాస్కు, కవర్లు సర్దే ఆవిడ బొటనవేలికి తెల్లటి కట్టు. రెండో ఫ్యాక్టరీలో ఫ్లాస్కు లేదు గానీ అదే ఆవిడ, అదే కట్టు. మూడోదాంట్లో ఆవిడ లేదు, వెనకాల బల్లమీద ఫ్లాస్కు ఉంది.

ఆంజనేయులుగారు చిన్నగా నవ్వి రెండు పరకలు వెనక్కి తీసేసుకున్నారు. "మంచి వరుసలోనే మూడుసార్లు తిప్పారమ్మా. ఒక్క ఫ్యాక్టరీ నడుస్తోంది. అది నిజం. మిగతా తోటలోకి రానివ్వలేదు."

ఇక పడమటి చానల్. నీళ్లు, నీళ్లలో లారీ, నీళ్లలో గోడ, పైనుంచి తీసిన నీళ్లు, పడవలో ముసలాయన. అయిదు పరకలు. మళ్లీ మొదటికి. వంగిపోయిన కరెంటు స్తంభం, దానికి చిక్కుకున్న ఎర్ర గుడ్డ. లారీ దగ్గరా అదే స్తంభం. గోడ పక్కనా అదే. పైనుంచి తీసినదాంట్లో ఒక మూలగా అదే. పడవ పోతున్నదీ దాని కిందినుంచే. నాలుగు పరకలు వెనక్కి వచ్చాయి.

"ఊరంతా అన్నారు, ఒక్క వీధి చూపించారు," అన్నారు. "చైనావాళ్లు కాయున్న చెట్టు చుట్టూ తిరిగితే, వీళ్లు పుచ్చు చెట్టు చుట్టూ తిరిగారు. సరే. ఇప్పుడు అసలు సంగతి చూద్దాం. తర్వాత్తర్వాత వీళ్లిద్దరూ తమకు నష్టమైన మాటేమన్నా చెప్పారేమో వెతుకమ్మా."

కౌముది చాలాసేపు వెతికింది. పడమటి చానల్ వెబ్‌సైటులో వార్త అడుగున ఒక ముక్క దొరికింది. ఊరంతా మునిగిందని ముందు తాము చెప్పింది పొరపాటు, నదివైపు పల్లపు భాగమే మునిగిందని రాశారు.

ఆంజనేయులుగారు కుర్చీలో ముందుకు జరిగారు. "తప్పు చెప్పామని వాళ్లే ఒప్పుకున్నారా?"

"ఎవరో ఒకరు నిలదీసే ఉంటారు తాతగారూ. కానీ వేశారు. అడుగున, చిన్నక్షరాల్లో."

"చిన్నక్షరాలైనా వేశారు కదా," అంటూ ఆయన ఒక పొడుగాటి పరక తీసి విడిగా పెట్టారు.

చైనా చానల్లో పొరపాటు అన్న మాటే ఎక్కడా లేదు. కౌముది విసిగిపోయి ఆపబోతుంటే ఒక సన్మానం వార్త కనబడింది. వరదరోజుల్లో నది రేవు గోడౌన్లలోంచి తడిసిన సరుకును భుజాల మీద మోసిన యువకులకు అధికారులు దండలు వేస్తున్నారు. ఆంజనేయులుగారు తొడ చరుచుకున్నారు.

"దొరికింది! పొగుడుకునే దగ్గర నోరు జారారు. అక్కడేం కాకపోతే ఆ కుర్రాళ్లు ఏం మోసినట్టు? దండలెందుకేసినట్టు?"

ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటే, నదివైపు మునిగింది. ఇక తమ కవర్లు ఎక్కడున్నాయో తేలాలి. కౌముది రైతుల గ్రూపులో పాత మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఫిబ్రవరిలో డీలరు గొప్పగా పెట్టిన ఫోటో ఒకటి కనబడింది. అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి, కింద "మన సరుకు రెడీ, అక్కడ నది రేవు గోడౌన్‌లో ఉంది" అని రాసి ఉంది.

కౌముది ఆ ఫోటోను, సన్మానం వార్తను పక్కపక్కన పెట్టి చూసింది.

"అయితే సగం కూడా రావా తాతగారూ?"

"ఒక్కటీ రాదు. ఉన్నవి తడిసిపోయాయి. నడిచే ఫ్యాక్టరీ ఒక్కటే, అది ముందు వాళ్ల రైతులకి చెయ్యాలి. తర్వాత మనకి చేసేసరికి నెల, ఓడలో ఇంకో నెల, అంటే మే రెండో వారం. అప్పటికి మన కాయ మార్కెట్లో ఉంటది."

కౌముది ఆయన మొహం చూసి, కాస్త ఆలోచించి, మెల్లగా అంది. "గ్రూపులో నేను మెసేజి పెడతానండీ. కొత్త సమాచారం వచ్చింది, కవర్లు సొంతంగా చేసుకోండి అని. మీ పేరు ఎత్తక్కర్లేదు."

మంచి పిల్ల. మంచి దారే చూపించింది. ఆంజనేయులుగారికి ఆ దారి మీద ఆశ పుట్టలేదంటే అబద్ధమవుతుంది. ఆయనకున్న ఆస్తి ఎకరన్నర తోట, ఒక పేరు. తోటకన్నా పేరే ఎక్కువ తిండి పెట్టింది. అంచనా చెప్పేవాడే నా అంచనా తప్పని అరుగెక్కి చెప్పుకుంటే, వచ్చే ఏడు ఎవరు పిలుస్తారు? చాట్రాయి తర్వాతి ఆరేళ్లూ కళ్లముందు తిరిగాయి. ఇప్పుడింకో ఆరేళ్లు ఎదురుచూసే వయసు కూడా కాదు. భయమేసింది.

బల్ల మీద విడిగా పెట్టిన పొడుగు పరక వైపు చూశారు. ఎక్కడో సముద్రాలవతలి వాళ్లు చిన్నక్షరాల్లో తప్పు ఒప్పుకున్నందుకు, ఇందాకే తాను వాళ్లకు మార్కులు వేశారు.

"మెసేజి వద్దమ్మా," అన్నారు. "అందర్నీ నాలుగింటికి రమ్మను. నిన్న ఎంత గొంతుతో చెప్పానో అంత గొంతుతోనే చెప్పాలి."

నాలుగింటికి అదే షామియానా కింద నిలబడి చెప్పారు. "నిన్న నేను చెప్పింది తప్పు. చూడకుండా నడిమికి కొట్టి చెప్పాను. ఇవాళ చూసి చెప్తున్నా, కవర్లు మే రెండో వారం లోపు రావు. ఈ సాయంత్రమే పని మొదలెట్టండి." తర్వాత ఫ్లాస్కు, వేలికట్టు, స్తంభం, సన్మానం, ఫోటో అన్నీ వరసగా చెప్పారు.

మేష్టారు ఉత్సాహంగా లేచారు. "నేను మొదట్నించీ చెప్పలా? మావాళ్లదే నిజమని!"

"కూర్చోండి మేష్టారూ. మీవాళ్లు ఊరంతా అన్నారు, వీధి చూపించారు."

"అయితే చైనా వాళ్లు అబద్ధాలాడారంటారా?" అని ఇన్నయ్యగారు రోషంగా అడిగారు.

"అబద్ధమాడలేదు ఇన్నయ్యగారూ, చూపించిన ఫ్యాక్టరీ నడుస్తోంది. కానీ వాళ్ల తోటలో పుచ్చు చెట్లు ఎక్కడున్నాయో వాళ్ల నోటి నుంచి ఈ జన్మలో వినం. పొగడ్తలో వెతుక్కోవాలి. మేష్టారివాళ్లు పక్కోడి తోటకెళ్తే పుచ్చులే ఏరుతారు, కాకపోతే తప్పు చెప్తే ఎక్కడో ఒక మూల ఒప్పుకుంటారు, ఒప్పుకునేదాకా నిలదీసేవాళ్లూ ఉంటారు. నేను ఒక్కడినే నమ్మాలంటే ఆ ఒప్పుకునేవాడినే ఓ వీసమెత్తు ఎక్కువ నమ్ముతా. కానీ ఒక్కడినే ఎందుకు నమ్మాలి? నాకు కాళ్లున్నాయి కదా."

రైతులు తలలూపారు. వెనక నుంచి ఒకాయన మాత్రం, "నలభై ఏళ్లలో ఇలాంటివి ఇంకెన్ని చెప్పారో," అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆంజనేయులుగారికి ఆ ఒక్క మాటే గట్టిగా వినబడింది.

ఆ తర్వాతి మూడు వారాలూ ఊళ్లో పెళ్లిసందడి. మేష్టారు పదిహేనేళ్లుగా అటక మీద దాచిన ఇంగ్లీషు పేపర్లు కిందికి దిగాయి. ఎప్పుడెప్పుడా అని కాచుకున్న ఆయన భార్య, ఆయన మనసు మారకముందే తొలి కట్ట తానే విప్పింది. ఇన్నయ్యగారు తన పార్టీ పత్రిక కట్టలు తెచ్చారు. వసారాల్లో మైదా జిగురు గిన్నెలు, స్టాప్లర్ల చప్పుడు. మేష్టారు చేసినవి అందరికన్నా తక్కువ, ఎందుకంటే ప్రతి కాగితం మడతపెట్టే ముందు చదివేవారు. తన తోటలో ఇంగ్లీషు పేపరు కట్టనివ్వనని ఇన్నయ్యగారు రెండు రోజులు భీష్మించి, పార్టీ పత్రిక అయిపోయాక మూడో రోజు ఏమీ ఎరగనట్టు మేష్టారి దగ్గర రెండు కట్టలు పట్టుకుపోయారు. సుబ్బాయమ్మ చేతికి ఎంత వేగం వచ్చిందంటే, ఆవిడ పక్కన కూర్చోవడానికి మిగతా ఆడవాళ్లు భయపడ్డారు.

మేలో కవర్లు విప్పితే కాయ ఎక్కడా మచ్చ లేకుండా పసుపుపచ్చగా దిగింది. పార్టీ పత్రిక కట్టిన చెట్టూ, ఇంగ్లీషు పేపరు కట్టిన చెట్టూ ఒకేలా ఉన్నాయి. పండుఈగకు రాజకీయాలు పట్టవని తేలిపోయింది. మే పదమూడున, సగం కోతలు అయిపోయాక, డీలరు లారీ వచ్చి చైనా కవర్ల పెట్టెలు దింపి వెళ్లింది. వాటిని వచ్చే ఏటికి అటకెక్కించారు. మేష్టారి అటక ఎలాగూ ఖాళీగానే ఉంది.

అంచనా అక్షరాలా నిజమైంది కదా, ఇంకేం దిగులు అని మేష్టారు అన్నారు. కానీ జనం నోళ్లలో మిగిలేది రెండో అంచనా కాదనీ, తప్పు ఒప్పుకున్న రోజనీ ఆంజనేయులుగారికి తెలుసు. దాని ఫలితం ఇప్పుడు తెలిసేదీ కాదు. ఆ ఏటికి అంచనాల కాలం అయిపోయింది. వరండాలో కాఫీ తాగారు, శనక్కాయలు తిన్నారు, చానళ్ల తగువు విన్నారు. ఫిబ్రవరి కోసం ఎదురుచూశారు.

ఫిబ్రవరి వచ్చింది. మొదటివారమంతా ఫోన్ మోగలేదు. మామూలుగా అయితే అప్పటికి మూడు తోటలు పూర్తవ్వాలి. రెండో వారం కూడా సగం గడిచాక ఆయన గడ్డికట్ట తీసి పశువుల పాకలో పడేశారు. సుబ్బాయమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

గురువారం పొద్దున గేటు ముందు మోటారు సైకిల్ ఆగింది. నడిపినవాడు చాట్రాయి వైపు తోటలు కౌలుకు తీసుకునే వ్యాపారి చిన్నరాయప్ప. వెనక కూర్చున్నవాడు, అతను ఈ ఏడు బేరమాడుతున్న తోట ఆసామి రాజీవ్. బేరం తెగకముందు ఆసామీ వ్యాపారీ ఒకే బండి మీద రావడం ఆంజనేయులుగారు తన జన్మలో చూడలేదు.

"ఈయన తోట చూసి పెట్టాలండీ," అన్నాడు చిన్నరాయప్ప. "నేనొకటంటున్నా, ఈయనొకటంటున్నారు."

ఆంజనేయులుగారు "పోయినేడు నేను తప్పు చెప్పిన సంగతి మీ వైపు తెలియదా?" అన్నారు. దాచుకుని అడగడం ఆయనకు రాదు.

"తెలుసండీ. మావైపు కూడా అంచనాలు చెప్పేవోళ్లు ముగ్గురున్నారండీ. వాళ్లెవరూ పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు కూడా చెప్పలేదంట. అందుకే మాకు భయమేసి మీ దగ్గరకొచ్చాం."

ఆంజనేయులుగారికి కళ్లు తడిశాయి. అది దాచుకోవడానికి చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగారు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. లేచి గేటు దగ్గరకు వచ్చేసరికి సుబ్బాయమ్మ కొత్త గడ్డికట్ట పట్టుకుని నిలబడి ఉంది. అది ఎప్పుడు కోసి ఆరబెట్టిందో ఆయనకు తెలియదు. నడుముకు దోపుకుని, రాజీవ్ వైపు తిరిగారు.

"పదండి బాబూ. ముందు మీ తోటలో బాగాలేని చెట్లు చూపించండి."